పథ్యంలో లేని పొగాకు

రాచరికం పోయిన మరుసటేడు మా అక్క నోట్లో రాచపుండు లేచింది. రాజులు గద్దె దిగినంత తేలిగ్గా రాచపుండు దిగదని నాకు తెలుసు. తెలుసుగాని, మా అక్కకు తెలియజెప్పే నోరు నాకు లేదు. మా ఇంట్లో నోరంతా అక్క వాటాకే పోయింది. నాకు మిగిలినవి చెవులు.

అప్పుడు నేను మిర్యాలగూడ దవాఖానలో కాంపౌండరుని. డాక్టరు సాబు సూర్యాపేటలో ఉండి, గురువారం గురువారం మా దగ్గరికి వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ అల్మారా తాళంచెవి, రంగునీళ్ల సీసాలు, రోగులు అన్నీ నా చేతిలోనే. సీసాకు పొడుగ్గా కాగితం పట్టీ అతికించి, దాని అంచున కత్తెరతో గాట్లు పెట్టి, “పొద్దున ఒక గాటు, మాపున ఒక గాటు తాగాలె” అని చెప్పడం నా విద్యలో సగం. డాక్టరు రాసింది చదవగలగడం మిగతా సగం. నోరు తిరగని వాళ్లు నన్ను “కాంపౌండు సారు” అనేవారు. అది తప్పని నేనెన్నడూ అనుకోలేదు. వైద్యమనే ఇంటికి నేను కాంపౌండు గోడలాంటివాణ్ణే. లోపలేం జరుగుతుందో కనిపిస్తుంది, లోపలికి పోయే యోగ్యత మాత్రం లేదు.

అక్కను మాడుగులపల్లి దగ్గర ఒక ఊరికిచ్చారు. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. చెరువు కింద నాలుగెకరాల వరి ఉండేది. నాట్లు పడేనాడు ఇరవైమంది ఆడవాళ్లకు ముందు నిలబడి ఆమే పాట ఎత్తేది. పాటకూ పాటకూ నడుమ, వంకర వరుస పెట్టినవాళ్ల మీద తిట్టు ఎత్తుకునేది. రెండూ ఒకే శ్రుతిలో ఉండేవి కాబట్టి దూరాన ఉన్నవాళ్లకు ఏది పాటో ఏది తిట్టో తెలిసేది కాదు. మా బావ నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికి ఒక నోరు చాలనుకున్నాడేమో.

ఆ నోట్లో, ఎడమ దవడ పక్కన, ఎప్పుడూ ఒక పొగాకు కాడ ముక్కా, దానికంటిన చిటికెడు సున్నమూ ఉండేవి. పెళ్లయిన కొత్తలో పిప్పిపన్ను నొప్పికి ఎవరో పెట్టించారట. ఆ పన్ను ఊడిపోయి ఇరవై ఏళ్లయింది. పన్ను ఖాళీ చేసిన జాగాలో పొగాకు కాపురం పెట్టింది.

ఆ ఏడు శ్రావణమాసంలో అక్క మిర్యాలగూడ అంగడికి వచ్చి నా గదికి వచ్చింది. అన్నంలో ఆవకాయ కలుపుకొని మొదటి ముద్ద పెట్టుకోగానే కళ్లనిండా నీళ్లు. పచ్చిమిరపకాయలు గంపెడు తిన్నా చెమట పట్టని మనిషి. నేను గాబరాపడి, దవాఖాన చెంచా, టార్చిలైటు తెచ్చాను.

“నోరు తెరువక్కా.”

“జిందగీల నన్ను నోరు తెరువుమన్నోడివి నువ్వొక్కడివేరా తమ్ముడా. అందరు మూస్కొమ్మనేటోళ్లే,” అంటూ తెరిచింది.

బుగ్గ లోపల చర్మం తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ తెలుపు మధ్యలో కందిగింజంత ఎర్రటి పుండు. అంచు పైకి లేచి ఉంది. వేలు పెట్టి చూశాను. చర్మంలో చింతగింజ పొదిగినట్టు గట్టిగా తగిలింది. నేను మళ్లీ మళ్లీ వేలితో నొక్కి చూశాను, పొరపాటు పడ్డానేమోనని. ఆమె నా వేలు కొరికింది.

గురువారం దాకా ఆమెను పోనివ్వలేదు. డాక్టరు సాబు చూశాడు. చూసి చేతులు కడుక్కుని, తువాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. ఆయన వేళ్లు తుడుచుకునే వేగాన్ని బట్టి జబ్బు సంగతి నాకు తెలిసిపోయేది. ఆ రోజు పది వేళ్లకు చాలాసేపు పట్టింది.

“కంపౌండర్ సాబ్,” అన్నాడు నన్ను వసారాలోకి పిలిచి, “ముక్క తీసి చూడకుండ నేను దీనికి పేరు పెట్టను. కాని మీరు చెన్నపట్నం పోవాలె. అక్కడ రేడియం సూదులు పెడ్తరు, అవసరమైతే కోస్తరు. ఇప్పుడు పోతే బుగ్గతోనే పోతది. రెండు నెలలు కూర్చుంటే దవడ ఎముకను పట్టుకుంటది. ఆ తర్వాత నోరు తెరుచుకోదు, అన్నం పోదు. సంజే?”

నాకు అర్థమైంది. అక్కకు అర్థమయ్యేటట్టు చెప్పడమే మిగిలింది. నాకు తోచినంత మెల్లగా చెప్పాను.

“నోరు మూతపడ్తదంటె మీ బావకు పండుగే గద,” అంది ముందు. తర్వాత బుగ్గ తడుముకుని, “బుగ్గ కోస్తరా? బుగ్గకు బొక్క పడ్తె ఇగ పాటెట్ల వస్తది? గాలొస్తది. నేను రాను పో,” అంది.

“రాకపోతే?”

“మా పక్కూర్ల పసరు తాత ఉన్నడు. నలభై దినాలు పసరు పెడ్తనన్నడు. నలభై దినాల్ల తగ్గకపోతె నువ్వు యాడికి రమ్మంటె గాడికొస్త. మాటంటె మాట.”

ఈ తర్వాతి వాక్యం రాయడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు సిగ్గుగానే ఉంది. నేను ఒప్పుకున్నాను. డాక్టరు రెండు నెలలన్నాడు కదా, నలభై రోజులు అందులో ఇముడుతాయని లెక్క కట్టుకున్నాను. గాట్లు పెట్టే అలవాటు ఉన్నవాడు రోగాన్ని కూడా గాట్లు పెట్టి నడిపించవచ్చనుకుంటాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాను. ప్రతి ఆదివారం వచ్చి పుండును కొలుస్తాను, నా కొలత నాదే, ఎవరూ కాదనకూడదని.

కొలతకు నా దగ్గరున్న పరికరం నా కత్తెరే. సీసాకు అతికించే కాగితాన్నే పుండు అచ్చుకు సరిగ్గా కత్తిరించి, నోటు బుక్కులో అతికించి, కింద వారం పేరు రాసుకున్నాను. ఆ రోజు కత్తిరించిన మొదటి ముక్క కందిగింజంత ఉంది.

పసరు తాత పద్ధతి అందరికీ తెలిసిందే. పొద్దు పొడవకముందు, ఎవరితోనూ మాట్లాడకుండా పోయి ఆకు కోస్తాడు. ఏ ఆకో కనిపించకుండా గుప్పిట్లోనే నలిపి, మోదుగాకు దొప్పలో పచ్చటి ముద్దగా తెచ్చిస్తాడు. ఆ ఆకు పేరు చెప్పడు. చెబితే మందు చస్తుందని ఆయన గురువు మాట. పైసా ముట్టడు. తగ్గాక ఒక కొబ్బరికాయ ఇస్తే చాలు. మందు ఇచ్చేటప్పుడు పథ్యం మాత్రం ఖండితంగా చెబుతాడు. పులుపు లేదు, వంకాయ లేదు, గోంగూర లేదు, ఎండుచేప లేదు.

అక్క పథ్యం పట్టిందంటే అది పథ్యం కాదు, యుద్ధం. చింతపండు తినకపోవడమే కాదు, చింతచెట్టు నీడ పడే బాట వదిలి గట్ల మీద చుట్టు తిరిగి పోయేది. మా బావ పాపం ఆమెతోపాటు చప్పటి పప్పు తిని తిని, ఒకరోజు నా చెవిలో, “బామ్మర్దీ, పుండు నాకుందా, ఆమెకుందా?” అని అడిగాడు. ఆయన ఆ ఏడాది మాట్లాడిన పెద్ద మాటల్లో అదొకటి.

మొదటి ఆదివారం సైకిలు తొక్కుకుంటూ పోయాను. అక్క గడప దగ్గరే ఎదురొచ్చింది.

“నొప్పి లేదురా! చేత్తోని తీసేసినట్టు పోయింది. మీ డాక్టరుకు జెప్పు, సూదులు దబ్బనాలు ఆయన్నే పెట్టుకొమ్మని.”

కాగితం కత్తిరించాను. మొదటి ముక్క మీద పెట్టి చూస్తే ఒకవైపు చిన్న అంచు ఎక్కువగా కనిపించింది. నా కత్తెర చెయ్యి వణికిందేమో అనుకున్నాను. రెండో ఆదివారం కూడా ఆమెకు నొప్పి లేదు, నా కాగితానికి మళ్లీ అంచు ఎక్కువైంది. మళ్లీ నా చేతినే తప్పు పట్టాను. ఆవకాయ తప్ప దేన్నయినా హాయిగా నమలగలుగుతున్న మనిషి ముందు నిలబడి, కాగితం ముక్క చూపించి, నీకు జబ్బు పెరుగుతోందని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. నాది కాంపౌండు గోడ ధైర్యం.

అంతేకాదు, నాకు ఆశ కూడా కలిగింది. ఆ రోజు దొప్పలోంచి చిక్కుడుగింజంత ముద్ద దొంగిలించి నోట్లో వేసుకున్నాను. ముందు నాలుక చిమచిమలాడింది, నోరంతా నీళ్లూరింది, ఆ తర్వాత నాలుక నాది కాకుండా పోయింది. మిర్యాలగూడ పొలిమేర దాకా ఈల వేద్దామంటే పెదవి కలవలేదు. దారిలో తెలిసినాయన పలకరిస్తే “బాగున్న” అనబోయి “బావను” అని, ఎవరి బావనో ఆయనకు చెప్పలేక సైకిలు తొక్కేశాను.

ఆకులో ఏదో ఉంది. అది మాత్రం నిజం. నా అల్మారాలో ఉన్న సీసాల్లో చాలావాటి మొదలు ఆకులూ బెరళ్లూ వేళ్లూనే. చలిజ్వరానికి నేను గాట్లు పెట్టి ఇచ్చే క్వినైను ఒక చెట్టు బెరడు. అలాంటిది తాత గుప్పిట్లో ఒక గొప్ప మందు ఉండగూడదా? ఆ వారమంతా నేను అదే ఆలోచిస్తూ, దగ్గు మందు అడిగినవాడికి కడుపునొప్పి మందిచ్చాను. అతనికి దగ్గు తగ్గిందట. దీన్నిబట్టి నా విద్యా, తాత విద్యా ఎంత దగ్గరి చుట్టాలో మీరే గ్రహించండి.

మూడో ఆదివారం నేను చెప్పిన వేళకంటే రెండు గంటలు ముందే పోయాను. అక్క అప్పుడే పసరు పెట్టుకుని వసారాలో కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నోరు తెరిపించాను. పచ్చటి ముద్ద కనిపించింది. ఆ ముద్ద మీద, కుండ మీద మూత పెట్టినట్టు, గోధుమరంగు పొగాకు కాడ అడ్డంగా అదిమి ఉంది.

“గిదేందక్కా!”

“ఏది?”

“పొగాకు!”

“ఆఁ. పసరు జారిపోకుండ అడ్డం పెట్టిన. లేకుంటె నిలుస్తదా? మొత్తం గొంతులకు పోతది.”

“పథ్యమన్నవు గదా?”

“పథ్యమే. పులుపు ముట్టిన్నా? వంకాయ ముట్టిన్నా? మీ బావనడుగు,” అని బావ వైపు చూసింది. ఆయన ఆ ప్రశ్న వినగానే ఎండుచేపను తలుచుకున్నట్టు నిట్టూర్చాడు.

నాకు ఒళ్లు మండింది. సైకిలెక్కి పక్కూరు పోయాను. పసరు తాత వేపచెట్టు కింద గొడ్డలికి కామ వేస్తున్నాడు. చెక్కిన కర్రలాంటి మనిషి, ఎండకు నల్లబడి ఉన్నాడు. ఆయన ఎడమ బుగ్గ కూడా కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. నేనప్పుడు దాన్ని చూశాను గాని, గమనించలేదు. చూడటానికీ గమనించడానికీ ఎంత దూరమో తెలియాలంటే కాంపౌండరు కావాలి.

“తాతా, నువ్వు మా అక్కకు పొగాకు వద్దని చెప్పలేదా?”

“తంబాకా?” ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. “పథ్యం తినేదానికి గద బిడ్డా జెప్తరు. తినేది గొంతు దిగుతది. తంబాకు తినేదా? ఊంచేది. ఉమ్మేసేదానికి పథ్యమేంది?”

మూడు వారాలు చింతచెట్టు నీడను కూడా తప్పించుకున్న మనిషి, రోగానికి కారణమైనదాన్నే మందు మీద మూతగా పెట్టుకుంది. పెట్టుకోమన్నవాడు లేడు, వద్దన్నవాడూ లేడు. అది తిండి కాదు కాబట్టి ఎవరి జాబితాలోనూ లేదు. నా జాబితాలో కూడా లేదు. మొదటి రోజునే ఆ తెల్లటి బుగ్గ చూసి, డాక్టరు మాట చెప్పే తొందరలో, పొగాకు మానమని నేనూ అనలేదు. ఇంట్లో గడపను ఎవరు చూస్తారు, దాటుకుంటూ పోతాం గాని. అలాగే ఆమె బుగ్గన పొగాకు మాకు కనిపించడం మానేసి చాలా ఏళ్లయింది.

ఆ రోజు నేను మిర్యాలగూడ తిరిగి పోలేదు. పెరట్లో మంచం మీద అక్క పక్కన కూచుని నోటు బుక్కు తీశాను. ఆనాటి ముక్క కూడా కత్తిరించి, నాలుగు ముక్కలూ వరసగా పెట్టాను. కందిగింజ, దానికంటే కొంచెం పెద్దది, ఇంకొంచెం పెద్దది, శనగగింజంతది.

“నీ కత్తెర తప్పు,” అంది.

“నాలుగుసార్లూ తప్పా?”

“నొప్పి లేదురా పిచ్చోడా. నా నాలుక అబద్ధం జెప్తదా?”

“అబద్ధం జెప్పదు. కాని నీ నాలుకకు మత్తెక్కింది. ఆ ఆకు నేనూ తిని చూసిన. నా నాలుక కూడ నా మాట వినలే. ఒక్క పని చెయ్యక్కా. రేపు ఒక్క దినం పసరు వద్దు, పొగాకు వద్దు. పొద్దున నుంచి మాపటి దాకా. అప్పుడు నీ నాలుక ఏం జెప్తే అదే నా మాట. తగ్గిందని జెప్తే నేనే కొబ్బరికాయ తెచ్చి తాతకిస్త. ఇగ చెన్నపట్నం పేరెత్తను.”

నా జీవితంలో నేను ఆమెతో పెట్టుకున్న ఏకైక పందెం. ఒడ్డింది ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. ఆమె చాలాసేపు నా మొహం చూసి, దవడ పక్కనున్నది తీసి చెత్తలో వేసి, “సూద్దాం,” అంది.

మర్నాడు పొద్దున బాగానే ఉంది. నన్ను రెండుసార్లు తిట్టింది కూడా. జాము పొద్దెక్కేసరికి తిట్లు తగ్గాయి. ఎండ నెత్తికెక్కే వేళకు బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని గోడవైపు తిరిగింది. మంచినీళ్లు తాగబోయి గ్లాసు కింద పెట్టేసింది. చెవి దాకా, తలదాకా పోటు పోతోందని సైగతో చూపింది. మా బావ వంటింటికీ వసారాకూ తిరుగుతున్నాడు, ఏదో తప్పిపోయిన వస్తువును వెతుకుతున్నట్టు. ఆ ఇంట్లో పగటి పూట అంత నిశ్శబ్దాన్ని ఆయన ఎన్నడూ ఎరగడు. పండుగ అవుతుందన్న మాట అక్కది. ఆయన కళ్లు మాత్రం అలా లేవు.

దీపాలు పెట్టే వేళ ఆమె నా వైపు తిరిగి, పెదవులు కదలకుండా రెండు మాటలంది.

“పోదాం. రేపే.”

ఆ తర్వాత ఆమెను పట్టడం ఎవరి వల్లా కాలేదు. పోవడమని నిశ్చయించుకున్నాక చెన్నపట్నం ఆమెకు పక్క మడిలా అయిపోయింది. బట్టలు మూట కట్టింది, కోత పని ఎవరికి చెప్పాలో బావకు వేళ్ల మీద చూపింది, ఇంట్లో ఉన్న పొగాకు కట్ట మొత్తం పొయ్యిలో పెట్టింది. ఆ పొగకు ముగ్గురం దగ్గాం. పొగాకు పొగ పెట్టకుండా పోదు కదా.

సూర్యాపేటకు పోయి డాక్టరు సాబు దగ్గర చెన్నపట్నం దవాఖానకు చిట్టీ రాయించుకున్నాం. రాస్తూ రాస్తూ ఆగాడు. “నోట్లో ఇన్ని దినాలు ఏం పెట్టిన్రు? పేరు రాయాలె. అక్కడివాళ్లు అడుగుతరు. ఆకు వల్ల ఏం జరిగింది, జబ్బు వల్ల ఏం జరిగిందని తేల్చుకోవాలె గద.”

మళ్లీ పసరు తాత దగ్గరికి పోయాను. ఈసారి కోపంతో కాదు. సంగతంతా చెప్పాను, నొప్పి తిరిగొచ్చిన సంగతి కూడా. ఆయన గొడ్డలి పక్కన పెట్టి తలొంచుకుని విన్నాడు.

“పేరు జెప్తె మందు చస్తది బిడ్డా. నా గురువు నా చేతిల చెయ్యేసిండు.”

“మనిషి బతకడానికి జెప్పు తాతా.”

“రేపు పొద్దున రా. నా ఎనకంగ నడువు. మాట్లాడకు,” అన్నాడు చివరికి.

తెల్లవారుజామున ఆయన వెనక నడిచాను. చెరువు అలుగు కింద తడినేల మీద, ఒక మొక్క పక్కన ఆయన ఆగాడు. మోకాలెత్తు కూడా లేదు. రోజూ వందమంది తొక్కుతూ పోయే, నాకూ పేరు తెలిసిన మొక్క. దానికి వీపు పెట్టి నిలబడి ఆకాశం చూస్తూ, “నేనేం జెప్పలే. కాలికి ముల్లు గుచ్చింది, గీడ ఆగిన. గంతే,” అన్నాడు. ఆయన కాలికి ముల్లేమీ లేదు. నేను కొమ్మ తుంచి నోటు బుక్కులో, అక్క కాగితం ముక్కల పక్క పేజీలో పెట్టుకున్నాను.

చిట్టీలో ఆకు పేరు రాయించుకుని, సూర్యాపేట నుంచి బెజవాడకు బొగ్గుతో నడిచే బస్సెక్కాం, అక్కడి నుంచి చెన్నపట్నానికి రైలు. కోదాడలో బొయిలరు చల్లబడిందని గంటసేపు ఆపారు. అక్కడ హోటలావిడ మా అక్క వాడిపోయిన మొహం చూసి జాలిపడింది.

“ఏమ్మా, చాలా దూరం పోతన్నారా? ఉండండి, ఒక తాంబూలం కట్టిస్తాను. కాస్త పొగాకు ముక్క వేస్తే ప్రయాణంలో వికారం ఉండదు.”

అక్క ఆ ఆకును చూసింది. ఇరవై ఏళ్ల స్నేహితురాలు బస్టాండులో ఎదురైనట్టు చూసింది. ఆమె తల అడ్డంగా ఊపి, నొప్పిలోంచే స్పష్టంగా అంది.

“వద్దమ్మా. నాకు పథ్యం.”

చెన్నపట్నంలో ముక్క తీసి చూశారు. మేము అనుకున్నదే. ఎముక దాకా పోలేదని చెప్పిన రోజు నేను దవాఖాన మెట్ల మీద కూచుని ఏడ్చాను. అక్క చూసి, “బతుకుతనని ఏడుస్తున్నవా?” అంది. బుగ్గలో రేడియం సూదులు పెట్టి కొన్ని రోజులుంచారు. ఆ రోజుల్లో ఆమె దగ్గరికి ఎక్కువసేపు రానిచ్చేవారు కాదు. దూరం నుంచే చేతులతో సైగలు చేసింది. వంగి, ఒక్కొక్క మొక్కా వరసగా నాటుతున్నట్టు. ఆమె బుగ్గలో నాట్లు వేశారని అర్థం. వరస వంకరగా ఉందని కూడా చూపింది.

అక్కడి పెద్ద డాక్టరుకు నా నోటు బుక్కు ఇచ్చాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన కాగితం ముక్కలు తిప్పి తిప్పి చూశాడు. ఆకు చిన్న ముక్క తుంచి నాలుక మీద పెట్టుకుని, కాసేపాగి, తడబడే నాలుకతో అన్నాడు:

“నొప్పి తీసిందన్నది నిజమే. గుణం మంచిదే, చోటు చెడ్డది. నొప్పి ఇంటి కుక్కలాంటిది. మీ ఆకు కుక్కను నిద్రపుచ్చింది. దొంగ లోపలే ఉన్నాడు.”

“ఈ ఆకులో దొంగను పట్టే గుణం కూడా ఉండొచ్చా సార్?”

“ఉండొచ్చు. లేకపోవచ్చు. దీని సారం తీసి, ఎంత వేస్తే ఏమవుతుందో, ఎవరికి మంచిదో ఎవరికి చెడ్డదో చూసే మనుషులు కావాలి. ఏళ్లు పడుతుంది. మీ అక్కకు ఏళ్లు కావాలంటే ఇవాళ సూది కావాలి.” కొమ్మను ఆయన తన పుస్తకంలో పెట్టుకున్నాడు. నా నోటు బుక్కు తిరిగి ఇస్తూ, “కత్తెర పని బాగుంది,” అన్నాడు. వైద్యంలో నాకు వచ్చిన పట్టా అదొక్కటే.

తిరిగొచ్చాక అక్క బుగ్గ లోపలికి లాక్కుపోయి, పెదవి ఎడమవైపు కొంచెం వంగింది. మరుసటి ఏడు నాట్లకు, ఎవరూ పిలవకముందే మడిలో దిగింది. పాట ఎత్తింది. ఆమె భయపడినట్టే ఒక పక్క నుంచి గాలి వచ్చింది. కొన్ని అక్షరాల చివర సన్నటి ఈల పలికేది. రెండో చరణానికి ఇరవైమందీ ఆ ఈలతో సహా అందుకున్నారు. వరసలో కుర్రపిల్ల ఒకతె కిసుక్కుమంటే, అక్క పాట ఆపకుండానే ఆమె ఏడు తరాలనూ తలుచుకుంది. అప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

ఆ సాయంత్రమే పసరు తాత వచ్చాడు. తన మందుకు తగ్గలేదు కాబట్టి కొబ్బరికాయ తీసుకునే హక్కు లేదని, తనే ఒక కొబ్బరికాయ పట్టుకొచ్చాడు. అక్క దాన్ని తీసుకుని పక్కన పెట్టి, దీపం ఎత్తి పట్టుకుంది.

“తాతా, నోరు తెరువు.”

“నాకేమైందే?”

“తెరువుమన్న గద!”

మా అక్క తెరవమన్నాక తెరవని నోరు ఆ తాలూకాలో లేదు. ఎడమ బుగ్గ లోపల పొగాకు కింద, సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చ. నేను ఏడాది కింద చూసీ గమనించని బుగ్గ అది. వేలు పెట్టి చూశాను. మెత్తగానే ఉంది. చింతగింజ ఇంకా మొలవలేదు.

“నాకు నొప్పి లేదు బిడ్డా,” అన్నాడు తాత.

“నాకు గూడ లేకుండె,” అంది అక్క.

ముసలాయన కాసేపు ఆమె లాక్కుపోయిన బుగ్గ వైపే చూశాడు. తర్వాత నోట్లోది తీసి, గుమ్మం బయటికి విసిరేశాడు. డెబ్భై ఏళ్ల మనిషి, పదిహేనేళ్ల నుంచో ఇరవై ఏళ్ల నుంచో ఉన్న అలవాటు కాదది, తల్లిపాల తర్వాత పట్టిన అలవాటు. ఆయన మళ్లీ ముట్టలేదు. ముడితే అక్కకు తెలిసిపోయేది. వారానికొకసారి ఆయన నోటి తనిఖీ ఆమే చేసేది.

నేను మళ్లీ కత్తెర తీశాను. ఆయన తెల్ల మచ్చ అచ్చులు కత్తిరించి కొత్త పేజీలో అతికించాను. తన ఆకును తను వేసుకోకూడదని ఆయనకు ఇంకో నియమం ఉంది కాబట్టి, ఆ బుగ్గ మీద ఏ మందూ పడలేదు. పొగాకు మానడం ఒక్కటే. నెలనెలా కాగితం చిన్నదైంది. డాక్టర్లు చూస్తే దీన్ని ప్రయోగం అనేవారేమో. మా ఊళ్లో తాత మొండితనం అన్నారు. అందరి మచ్చలూ అలా పోవని చెన్నపట్నం డాక్టరు నాకు ముందే చెప్పాడు కాబట్టి, ఏడాదికొకసారి ఆయన్ను సూర్యాపేట తీసుకుపోయి చూపించడం మానలేదు.

ఇప్పుడు పేపర్లలో అప్పుడప్పుడు చదువుతుంటాను. మొక్కల సారం తీసి, నోటి క్యాన్సరు కణాల మీద గాజుపళ్లాల్లో వేసి చూస్తున్నారట. చదివినప్పుడల్లా నా నాలుక చిమచిమలాడుతుంది. చేయాలి, గట్టిగా చేయాలి. అలుగు కింది మొక్కకు కూడా ఏదో ఒకనాడు వంతు రావాలి. దాని పేరు నేనిక్కడ రాయడం లేదు. రాస్తే మందు చస్తుందని కాదు. రాస్తే మీలో ఒకరు రేపు పొద్దున అలుగు కిందికి పోయి, నలభై రోజులు కూర్చుంటారని.

తాత చివరిదాకా పసరు ఇచ్చాడు, పేరు చెప్పకుండానే. కాని నోటి పుండుతో వచ్చినవాళ్లకు ముందు దవాఖాన చిట్టీ చూపించమనేవాడు. చూపించాక పథ్యం చెప్పేవాడు. నేను అటు పోయినప్పుడు ఒకసారి విన్నాను.

“తంబాకు బంద్. తర్వాత పులుపు, వంకాయ, గోంగూర, ఎండుచేప.”

“తంబాకు తినేది కాదు గద తాతా,” అన్నాడు వచ్చినాయన, మంచి తర్కం దొరికిందన్న సంతోషంతో.

తాత వాదించలేదు. మా అక్క ఊరి బాట వైపు వేలు చూపించి, “గా ఇంటికి పోయి, గామె నోరు సూసి రా. వచ్చినంక మాట్లాడుదాం,” అన్నాడు.